బొటనవేలు అడగక్కర్లేదు, తగని విల్లు ఇస్తే చాలు

మా ఆశ్రమ పాఠశాలకు ఒకసారి పాత విలువిద్య సామాను వచ్చింది. రెండు అట్టపెట్టెలు, ఒక పొడుగాటి సంచి. ఇచ్చినవాళ్ళెవరో ఇక్కడ రాయం. మంచి మనసుతోనే ఇచ్చారు, అందులో మాకు అనుమానం లేదు. మంచి మనసు ఒక్కటే చాలదని చెప్పడానికే ఈ వ్యాసం.

ఇచ్చిన రోజు ఫ్లెక్సీ కట్టారు. పిల్లల చేత కొమ్ము నృత్యం చేయించారు. తర్వాత ఎనిమిదో తరగతి పిల్లను ఒకామెను ముందుకు పిలిచి, చేతికి విల్లు ఇచ్చి, ఫోటో కోసం లాగమన్నారు. పిల్ల లాగింది. సగం దాకా వచ్చేసరికి చేయి వణికింది. మెల్లగా దించేయబోయింది. వేదిక మీది పెద్దమనిషి నవ్వుతూ, "కోయపిల్లవి కదమ్మా, విల్లు మీ రక్తంలోనే ఉంది, లాగు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల పళ్ళు బిగించి, నడుం వెనక్కి వంచి, భుజం చెవిదాకా ఎత్తి లాగింది. ఫోటో వచ్చింది. మర్నాడు ఆమె కుడిచేయి పైకి లేవలేదు. వారం రోజులు తోటిపిల్లలే జడ వేశారు.

భుజం నొప్పి తగ్గిపోయింది. తగ్గనిది ఇంకొకటి ఉంది. ఒకరోజు రాత్రి చదువు వేళ మా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది. "సార్, నాకు లాగడం రాలేదు. మరి నేను కోయపిల్లను కాదా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది విల్లు ఇచ్చినవాళ్ళు. పక్కన నిలబడి చప్పట్లు కొట్టిన మేం కూడా.

ముందు ఆ విల్లు సంగతి చూద్దాం. పోటీల్లో వాడే రికర్వ్ విల్లు మూడు ముక్కలుగా ఉంటుంది. నడిమి పిడిని రైజర్ అంటారు. పైన ఒకటి, కింద ఒకటి తగిలించే బద్దలను లింబులు అంటారు. విల్లు ఎంత గట్టిదో లింబు మీద పౌండ్లలో రాసి ఉంటుంది. మా పిల్ల చేతికిచ్చిన దాని మీద 38 అని ఉంది. అది 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. మా పిల్ల చేతుల పొడవుకు 24 అంగుళాలకు మించి రాదు. తగ్గిన ప్రతి అంగుళానికి సుమారు 2 పౌండ్లు తీసేసినా, ఆమె వేళ్ళ మీద, భుజం మీద పడింది 30 పౌండ్లు. ఆ వయసు పిల్లలు కొత్తగా నేర్చుకునేటప్పుడు పట్టాల్సింది 14 నుంచి 20 పౌండ్ల లోపు విల్లు. ఏళ్ళ తరబడి సాధన చేసిన పెద్ద ఆడవాళ్ళు పోటీల్లో పట్టే విల్లును పదమూడేళ్ళ పిల్ల చేతిలో మొదటి రోజే పెట్టారు. చూసే మాకూ ఆ అంకె చదవాలని తెలియలేదు. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాం.

తర్వాత మిగతా సామాను ఒక్కొక్కటే తీసి చూశాం. బాణాలన్నీ ఒక్కో పొడవు. ఎవరెవరో తమ చేతి కొలతకు కోయించుకున్నవి. కొన్ని మా పిల్లలు లాగే పొడవు కంటే పొట్టివి. బాణం పొట్టిదైతే, పూర్తిగా లాగినప్పుడు దాని మొన విల్లు మీది ఆధారం దాటి వెనక్కి జారుతుంది. అప్పుడు వదిలితే పిడి పట్టుకున్న చేతిలోకే దిగుతుంది. కార్బన్ బాణాలు రెండింటిలో సన్నని చీలికలు ఉన్నాయి. అలాంటిది వదిలినప్పుడు పగిలితే దాని పేళ్ళు చేతిలో గుచ్చుకుంటాయి. అల్లెతాళ్ళు పోగులు లేచిపోయి ఉన్నాయి. వేళ్ళకు తొడుక్కునే తోలు ట్యాబ్ ఒక్కటి లేదు. ముంజేతికి కట్టుకునే గార్డు లేదు. రైజర్లు మూడూ కుడిచేతి వాటానివే. మా బడిలో గురి బాగా కుదిరిన పిల్లవాడు ఎడమచేతి వాటం.

ఇదే సామాను పట్నంలో డబ్బు కట్టి నేర్పించే చోట పిల్లల చేతికి ఇచ్చి ఉంటే, తల్లిదండ్రులు ఆ సాయంత్రమే వచ్చి నిలదీసేవాళ్ళు. మా పిల్లల తల్లిదండ్రులు ఆ సమయానికి మిరపతోటలో కూలికి వంగి ఉంటారు.

మాకు ఎందుకిలా ఇస్తారు? రక్తంలో ఉంది కాబట్టి. ఆ మాట పొగడ్తలా వినిపిస్తుంది. కానీ అది ఖర్చు తప్పించుకునే మాట. రక్తంలోనే ఉన్నదానికి కోచ్ ఎందుకు? కొత్త అల్లెతాడు ఎందుకు? పౌండ్లు చూడటం ఎందుకు? ఏది ఇచ్చినా లాగేస్తారు. లాగలేకపోతే తప్పు విల్లుది కాదు, పిల్లది. ఆ పిల్ల తన పుట్టుకనే అనుమానించుకుంటుంది. మా పిల్ల చేసింది అదే.

విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 బంగారు పతకాలు గెలిచింది. మా బడిలో కూడా మిఠాయి పంచాం. ఆమె గెలుపు గురించి మేం విన్నంతలో అందరూ ఆమె సాధన గురించే మాట్లాడారు. చిన్నప్పటి నుంచి ఎన్ని గంటలు నిలబడిందో, ఇంట్లోవాళ్ళు ఎంత కష్టపడ్డారో చెప్పుకున్నారు. ఆమె రక్తం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒక క్రీడాకారిణికి ఇవ్వాల్సిన గౌరవం అది. మా పిల్లలకు కూడా ఆ గౌరవమే అడుగుతున్నాం. గెలిస్తే సాధన అనండి. ఓడితే సాధన చాలలేదు, సామాను చాలలేదు అనండి. మా పుట్టుకను మధ్యలోకి తేకండి.

లింబారాం పేరు చాలామంది తెస్తారు. "చూడండి, అడవిలో పుట్టి ఒలింపిక్స్‌కి పోయాడు, మీ పిల్లలు పోలేరా?" అంటారు. లింబారాం రాజస్థాన్‌లోని ఉదయపూర్ ప్రాంతపు ఆదివాసీ. చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టలు కొట్టినవాడే. 1987లో ఎంపికయ్యాడు. 1988 సియోల్, 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా, మూడు ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. 1991లో అర్జున అవార్డు, 2012లో పద్మశ్రీ వచ్చాయి. ఇవన్నీ చెప్పేవాళ్ళు మధ్యలో ఉన్నది చెప్పరు. ఆయన్ని వెతికి పట్టుకుని శిక్షణ శిబిరంలో పెట్టారు. కోచ్‌ను పెట్టారు. పోటీ విల్లు చేతికిచ్చి దాన్ని పట్టడం మొదటి నుంచీ నేర్పారు. వేళకు తిండి పెట్టారు. వెదురు విల్లుకూ సియోల్‌కూ మధ్య అంత పని జరిగింది. ఆ పని చేయకుండా ఆయన పేరు మాత్రం మా పిల్లల ముందు చదివితే ఏం లాభం?

పాత సామాను మాకొద్దని మేం అనడం లేదు. పాతది చేతులు మారడం మాకు కొత్త కాదు. గోదావరి ఒడ్డు కొండల్లో మా తాతలు పిల్లలకు విల్లు ఎట్లా ఇచ్చేవాళ్ళో మా ముసలివాళ్ళు ఇంకా చెప్తారు. పిల్లవాడి ఎత్తు చూసి వెదురు కోసేవాళ్ళు. వెదురు బద్దనే చీల్చి అల్లెతాడుగా కట్టేవాళ్ళు. మొదటి బాణానికి ఇనుప మొన ఉండేది కాదు, మొద్దు మొన. దాంతో తొండల్ని, పిట్టల్ని కొట్టుకుంటూ తిరిగేవాడు. ఆ విల్లు తేలిగ్గా వంగుతోందని తెలిశాక కొంచెం మందపు వెదురుతో ఇంకొకటి. పాతది తమ్ముడికి. తమ్ముడి చేతికి ఇచ్చేముందు తాత దాన్ని వంచి చూసేవాడు, గోటితో గీరుకుంటూ పోయి పగులుందేమో వెతికేవాడు, అల్లెతాడు కొత్తది కట్టేవాడు. తండ్రి వేట విల్లును పదేళ్ళ పిల్లవాడికిచ్చి లాగమని ఎవరూ అనలేదు. అంటే ఊరంతా నవ్వేది.

ఇంకొకటి. ఇచ్చినవాడు ఇచ్చి వెళ్ళిపోయేవాడు కాదు. మామో తాతో పిల్లవాణ్ణి వెంటేసుకుని ఒక కారు తిరిగేవాడు. గాలి ఎటు వీస్తోంది, అడుగు ఎక్కడ వేయాలి, ఎప్పుడు వదలకూడదు, ఇవన్నీ దారిలోనే చెప్పేవాడు. మా పెద్దలు బడికి పోలేదు. పౌండ్లు తెలియవు. కానీ పిల్లకు తగ్గ విల్లు ఏదో తెలుసు. ఇప్పుడు అంకె లింబు మీదే అచ్చు వేసి ఉన్నా చూడకుండా ఇస్తున్నాం.

ఆ పాత పద్ధతి ఎందుకు తెగిందో కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో వేట నేరమైంది. అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోవడమూ నేరమే. ఆ చట్టం మంచిచెడ్డలు ఈ వ్యాసంలో తేలేవి కావు. కానీ దానివల్ల మా ఇళ్ళలో జరిగింది ఇది: విల్లు చూరులోకి వెళ్ళింది. విత్తనాల పండుగప్పుడు ఒకసారి దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. తండ్రి పట్టనిది కొడుకు నేర్చుకోడు. మా తరంలోనే సగంమందికి విల్లు వంచి తాడు ఎక్కించడం రాదు. అడవిలో మా చేతిలో విల్లు ఉంటే కేసు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవ వేదిక మీద నాయకుడి చేతిలో అదే విల్లు ఉంటే ఫోటో. మధ్యలో నలభై యాభై ఏళ్ళ అలవాటు తెగిపోయి, ఇప్పుడొచ్చి "మీ రక్తంలో ఉంది" అంటే మేం ఏమనుకోవాలి?

ఏకలవ్యుడి కథ చెప్పకుండా మా గురించి ఎవరూ ఉపన్యాసం ముగించరు. మేమూ చెప్తాం. కేంద్ర ప్రభుత్వం 1997-98లో మా పిల్లల కోసం మొదలుపెట్టిన గురుకులాలకు ఏకలవ్య అని పేరు పెట్టింది. క్రీడా శిక్షకులకు 1985 నుంచి ఇస్తున్న అవార్డుకు ద్రోణాచార్య అని పేరు. బడి మీద మావాడి పేరు, బహుమతి మీద వేలు అడిగినవాడి పేరు. ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

ఇప్పటి రికర్వ్ పోటీల్లో అల్లెతాడును లాగేది చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళతో. బొటనవేలు మడిచి పక్కన పెట్టుకోవాలి. ఆ లెక్కన ఈనాటి ద్రోణుడు బొటనవేలు అడిగినా ఏకలవ్యుడు పోటీలో నిలబడగలడు. అందుకే ఇప్పుడు వేలు అడగక్కర్లేదు. తగని విల్లు దానం చేస్తే చాలు. పిల్ల భుజం పాడు చేసుకుంటుంది. లాగలేక వంకర నిలబడటం అలవాటు చేసుకుంటుంది, ఆ అలవాటు తర్వాత ఏ కోచ్ వచ్చినా వదలదు. లేదా నాకు రాదనుకుని విల్లు కింద పెట్టేస్తుంది. ఎవరి చేతికీ నెత్తురు అంటదు. పైగా దాతకు శాలువా.

"పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది మీ వరస" అని మమ్మల్ని అనేవాళ్ళు ఉన్నారు. మా సొంతవాళ్ళే అన్నారు. కుంచం చిన్నదని మేం పోట్లాడటం లేదు. పుట్టెడు తాలు పోసి వడ్లని చెప్పకండి అంటున్నాం. పోటీ స్థాయి విల్లు సెట్టు లక్ష రూపాయలు దాటుతుందని మాకు తెలుసు. కొత్తవి కొని ఇవ్వమని ప్రతివాళ్ళనూ అడగలేం. పాతవే ఇవ్వండి. కానీ ఇచ్చే పద్ధతి ఒకటుంది.

పిల్లను చూడకుండా విల్లు ఇవ్వకండి. ఎత్తు, చేతుల పొడవు, ఏ చేతి వాటం, ఏ కన్ను గురిపెడుతుంది, ఇవి ముందు అడగండి. మా వెదురు విల్లును ఏ చేత్తోనైనా పట్టచ్చు. రైజర్‌ను ఒక చేతికే చేస్తారు. పిల్ల పూర్తిగా లాగి, పది అంకెలు లెక్కపెట్టేదాకా వణక్కుండా నిలబడగలిగితే అది ఆమె విల్లు. లేకపోతే ఎంత ఖరీదైనదైనా ఆమెది కాదు.

ఏది పాతదైనా పనికొస్తుందో, ఏది పనికిరాదో వేరు చేయండి. మంచి రైజర్ పదేళ్ళు పదిమంది చేతులు మారినా చెడదు. చాలా రైజర్లకు ఐఎల్‌ఎఫ్ అనే ఒకే కొలత గాడి ఉంటుంది. అలాంటిదైతే పిల్ల పెరిగేకొద్దీ లింబులు ఒక్కటే మార్చుకుంటూ పోవచ్చు. లింబులు పాతవి ఇవ్వచ్చు, చూసి ఇవ్వాలి. చివరి నుంచి ఒంటికంటితో చూస్తే మెలిక తిరిగిందో లేదో తెలుస్తుంది. దూది ముద్ద పెట్టి పొడవునా రుద్దితే చీలిక ఉన్నచోట దూది పట్టుకుంటుంది. కార్బన్ బాణాన్ని తిప్పుతూ కొంచెం కొంచెం వంచి చెవి దగ్గర పెట్టుకోండి, చిటపట వినిపిస్తే విరిచి పారేయండి. మళ్ళీ ఇంకో పిల్ల ఏరుకోకుండా విరిచే పారేయాలి. బాణం తోక దగ్గరి నాక్ పగిలితే తాడు జారి ఖాళీ విల్లు వదిలినట్టవుతుంది, దాంతో లింబే విరగచ్చు. అల్లెతాడు, వేళ్ళ ట్యాబ్ మాత్రం కొత్తవే ఇవ్వండి. మొత్తం సామానులో అవే చవక. వాటి దగ్గర పీనాసితనం వద్దు.

విల్లుతో పాటు మనిషి రావాలి. మా తాతలు ఒక కారు వెంట తిరిగారు. మీరు నెలకు రెండుసార్లు రండి. రాలేకపోతే మా ఉపాధ్యాయుణ్ణి ఒకరిని పిలిచి పది రోజులు నేర్పి పంపండి. బాణం లేకుండా తాడు లాగి వదలకూడదన్న మొదటి పాఠం కూడా చెప్పకుండా పెట్టె దించేసి పోతే, అది పిల్లలకు ఆయుధం ఇచ్చి పోవడమే.

మా సొంత ఇంటి మాటలు కూడా రెండున్నాయి. మొదటిది మా పాత విలుకాళ్ళతో. ఆశ్రమ పాఠశాలల నుంచి విల్లు పట్టి, రాష్ట్ర స్థాయికి పోయి, ఆ సర్టిఫికెట్టుతో ఉద్యోగాల్లో కుదురుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. మీ మొదటి విల్లు ఎక్కడుంది? హాల్లో గోడకు ఉంది. దండ కూడా వేశారు. మీరు నేర్చుకున్న మెత్తని లింబులు అటక మీద ఉన్నాయి. బయటి దాత 38 పౌండ్లది తెచ్చి ఫోటో దిగాడని కోప్పడే హక్కు మనకు రావాలంటే, మన అటక మీది 18 పౌండ్లది ముందు కిందికి దిగాలి. తాత తమ్ముడికి ఇచ్చాడు, గోడకు తగిలించుకోలేదు.

రెండోది మా ఆచారంతో. మా ఇళ్ళలో విల్లు మగపిల్లల చేతికే వచ్చేది. అక్క పక్కన నిలబడి చూసేది. మేం మెచ్చుకుంటూ రాసిన ఆ తాతల పద్ధతిలో ఈ లోటు ఉంది, దాన్ని దాచం. ఈనాడు మా బడిలో విల్లు అడిగేవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. వాళ్ళకు ఇచ్చే దగ్గర మనకే పూర్వం నుంచి వచ్చిన అలవాటు లేదు. అందుకే వాళ్ళ కొలత ఇంకా జాగ్రత్తగా చూసి ఇవ్వాలి.

పెట్టెల్లోని సామానుతో మేం ఏం చేశామో చెప్పి ముగిస్తాం. పగిలిన బాణాలు, పొట్టివి విరిచి పారేశాం. తాళ్ళు పారేశాం. మూడు రైజర్లలో రెండు గట్టిగా ఉన్నాయి. ఉపాధ్యాయులం జీతాల్లోంచి తలాకొంత వేసుకుని 16 పౌండ్ల లింబులు ఒక జత, కొత్త తాళ్ళు, ట్యాబ్‌లు, గార్డులు, పొడవైన బాణాలు ఆరు తెప్పించాం. ఎడమచేతి పిల్లవాడికి మా ఊరి ముసలాయన చేత వెదురు విల్లు కోయించాం. పాఠశాల స్థాయి పోటీల్లో ఇండియన్ రౌండ్ ఉంది, అందులో వెదురు విల్లే పడతారు. ఒక రిజిస్టరు పెట్టాం. విల్లు ఏ పిల్ల సొంతమూ కాదు, బడిది. ఎవరు, ఎప్పుడు, ఎన్ని పౌండ్లది తీసుకున్నారు, దూది పెట్టి చూసింది ఎవరు, అన్నీ అందులో రాస్తాం. పెద్ద పని కాదు. ఒక నోటుబుక్కు, ఒక దూది ముద్ద.

భుజం నొప్పి పడిన పిల్ల మూడు నెలలు విల్లు ముట్టలేదు. బతిమాలలేదు మేం. ఒకరోజు తానే వచ్చింది. 16 పౌండ్లది లాగి, పది లెక్కపెట్టి, వదలకుండా మెల్లగా దించి, మా వంక చూసింది. అప్పుడు ఆమె అడిగినదానికి జవాబు చెప్పాం. "అమ్మా, ఆ రోజు తప్పింది నువ్వు కాదు. ఆ విల్లు నీది కాదు." ఇప్పుడు ఆ పిల్ల 24 పౌండ్లది పడుతోంది. 16 పౌండ్లది ఆరో తరగతి పిల్లకు అందింది. ఇచ్చేముందు దూది పెట్టి చూసి రిజిస్టరులో సంతకం పెట్టింది ఆమే. ఫోటో తీయలేదు.

మాకు విల్లు ఇవ్వదలచినవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాం. రేపు పెట్టె తెచ్చినప్పుడు ముందు మా పిల్లను నిలబెట్టి ఫోటో తీయకండి. కొలత తీయండి.